తుప్పు పట్టిన డీజిల్ ట్యాంక్: మాటు వేయించాలా, మార్చాలా, మారిస్తే ఏది?

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. సముద్రపు గాలి లేదు, ఎండలకు కొదవ లేదు. ఇలాంటి చోట ఇనుప ట్యాంక్ ఎందుకు తుప్పు పడుతుందని చాలామంది ఆశ్చర్యపోతారు. కానీ ఇక్కడి జీపుల కింద పడుకుని చూడండి. మహీంద్రా వారి ఎంఎం540 కానీ, కమాండర్ కానీ, పాత బొలెరో కానీ, 2010లో వచ్చిన మొదటి తరం థార్ కానీ, ట్యాంక్ అడుగున, పట్టీల కింద ఇనుము పొరలు పొరలుగా లేచి ఉంటుంది. గోరుతో గీస్తే పెచ్చులు రాలతాయి. వాన తక్కువైనా బండికి అంటే మట్టి, మనం కడిగే బోరు నీళ్లు, మనం క్యాన్లలో తెచ్చి పోసే డీజిల్ ఆ పని చేసి పెడతాయి.

ట్యాంక్ కారడం మొదలయ్యాక మనకు వినిపించే సలహాలు రకరకాలు. ఒకరు మాటు వేయించమంటారు, ఒకరు స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయించమంటారు, ఇంకొకరు బెంగళూరు గుజిరీలో, అంటే పాత సామాను అంగళ్లలో, పాతది దొరుకుతుందంటారు. ఎవరి బండికి వాళ్ల సలహా సరిపోయి ఉంటుంది. మీ బండికి ఏది సరిపోతుందో తేల్చుకోవడానికి ముందు రెండు విషయాలు తెలియాలి: తుప్పు ఏ వైపు నుంచి మొదలైంది, మీ ఇంజన్ ఏ రకం. ఈ రెండూ తెలియకుండా డబ్బు పెడితే ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే మెకానిక్ ముందు నిలబడతారు.

తుప్పు బయటిదా, లోపలిదా

బయటి తుప్పుకు ముఖ్య కారణం ఇరుక్కున్న మట్టి. అనంతపురం చుట్టుపక్కల ఎర్రనేల ఆరగానే చాలావరకు రాలిపోతుంది. తాడిపత్రి దాటి జమ్మలమడుగు, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి పొలాల్లోకి దిగితే కథ వేరు. ఆ బంక మట్టి ట్యాంకుకూ, రాళ్లు తగలకుండా దాని కింద ఉండే స్కిడ్ ప్లేటుకూ మధ్య కూరుకుపోయి, పైన గట్టిపడినా లోపల రోజుల తరబడి తేమ పట్టి ఉంచుతుంది. దానికి తోడు చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా, చవ్వగా ఉంటాయి. ఆ నీళ్లతో బండి పక్కలు మాత్రం కడిగి వదిలేస్తే ట్యాంక్ మీది మట్టి ఉప్పును పీల్చుకుని అక్కడే ఉండిపోతుంది. పట్టీల కింద రబ్బరు చిరిగి ఇనుము ఇనుముకు రాసుకునే చోట రంగు ముందే పోయి ఉంటుంది కాబట్టి మొదటి రంధ్రం ఎక్కువగా అక్కడే పడుతుంది. సీజే3బీ తరహా పాత జీపుల్లో ట్యాంక్ డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. అలాంటి బండ్లలో సీటు తీసి, ట్యాంక్ కూర్చున్న గుంటలో నీళ్లు నిలుస్తున్నాయేమో చూడాలి.

లోపలి తుప్పు వేరే దారిలో వస్తుంది. నీళ్లు డీజిల్ కన్నా బరువు. ఎలా చేరినా అడుగుకే దిగి, అక్కడే కూర్చుంటాయి. ట్యాంక్ సగం ఖాళీగా ఉన్నప్పుడు పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ లోపలి గాలి వ్యాకోచించి, కుంచించుకుని బయటి తేమను లోపలికి లాక్కుంటుంది. పెన్నలోనో చిత్రావతిలోనో వేడి మీదున్న బండిని నీళ్లలోకి దింపితే, ట్యాంకుకు గాలి ఆడే బ్రీథర్ పైపు చివర కిందికి ఉన్న బండ్లలో గాలి బదులు నీళ్లే పీల్చుకోవచ్చు. నా అనుభవంలో మాత్రం మన ప్రాంతంలో వీటన్నిటికన్నా పెద్ద దోషి క్యాన్ డీజిల్. ట్రాక్టర్‌కో జనరేటర్‌కో తెచ్చి పొలం షెడ్డులో మూత సరిగా లేకుండా పెట్టిన క్యాను అడుగున నీళ్లూ మట్టీ చేరతాయి. అత్యవసరమని దాన్నే జీపులో పోస్తాం. నీళ్లూ డీజిల్ కలిసే గీత దగ్గర సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి వదిలే ఆమ్లాలు ట్యాంక్ అడుగును లోపలి నుంచి గుంటలు గుంటలుగా తింటాయి.

తేడా కనిపెట్టడం కష్టం కాదు. పాత డీజిల్ ఫిల్టర్‌ను పారేయకుండా కోసి చూడండి. గోధుమ రంగు పొడి ఉంటే ఇనుము తుప్పు. నల్లగా జిగటగా ఉంటే సూక్ష్మజీవులు. ట్యాంక్ పైన డీజిల్ మట్టం చూపే ఫ్లోట్ బిగించిన ప్లేటు విప్పి, ఫోనుకు తగిలించుకునే సన్నని పైపు కెమెరాను లోపలికి పంపితే అడుగు మొత్తం తెలుస్తుంది. ఈ కెమెరాలు ఇప్పుడు చవకగా దొరుకుతున్నాయి. చాలా మంది మెకానిక్‌ల దగ్గర కూడా ఉన్నాయి. బయట స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది.

ఇక్కడే ఒక మాట. బండి ఎత్తు ఎక్కేటప్పుడు చచ్చుబడి, కాసేపు ఆపితే మళ్లీ మామూలుగా నడుస్తుంటే అందరూ ట్యాంక్ మీదే అనుమానపడతారు. ట్యాంక్ బాగానే ఉండి, డీజిల్ పీల్చడానికి లోపలికి దిగే సక్షన్ పైపు తుప్పుకు చిల్లుపడినా డీజిల్ మట్టం తగ్గగానే గాలి పీల్చి ఇదే లక్షణం చూపిస్తుంది. పైపు చివరి జాలీలో తుప్పు పెచ్చులు అడ్డుపడ్డా అంతే. అప్పుడు మార్చాల్సింది ఆ పైపునో ఫ్లోట్ అసెంబ్లీనో, ట్యాంక్ మొత్తాన్ని కాదు.

ఏ ఇంజన్ అన్నదే అసలు ప్రశ్న

నేను ఎవరికైనా సలహా చెప్పేముందు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఎంఎం540, కమాండర్, పాత డీఐ బొలెరో వంటి వాటిలో మెకానికల్ పంపు ఉంటుంది. కాస్త మురికి డీజిల్‌ను అది కొంతకాలం ఓర్చుకుంటుంది. మొదటి తరం థార్‌లో సీఆర్డీఈ రకం, తర్వాతి బొలెరోల్లో ఎం2డీఐసీఆర్ వంటివి కామన్ రైల్ ఇంజన్లు. వాటిలో పంపు డీజిల్‌ను అన్ని నాజిళ్లకూ ఉమ్మడిగా ఉండే ఒకే గొట్టంలోకి వెయ్యి బార్‌కు మించిన ఒత్తిడితో తోస్తుంది. నాజిల్ లోపలి భాగాల మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. ఫిల్టర్ దాటి వెళ్లిన సన్నటి తుప్పు పొడి, ముఖ్యంగా నీళ్లు, ఆ పంపునూ నాజిళ్లనూ పాడు చేస్తాయి. వాటిని మార్చే ఖర్చు ముందు ఏ ట్యాంక్ ఖర్చైనా చిన్నదే. కాబట్టి కామన్ రైల్ బండికి ట్యాంక్ ఎంచుకునేటప్పుడు రేకు బయట ఎంత గట్టిగా ఉందన్న దానికన్నా లోపలి గోడ శుభ్రంగా ఉంటుందా లేదా అన్నదానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

దీని తర్వాత చూడాల్సినవి: బండికి కంపెనీ ట్యాంక్ ఇంకా దొరుకుతోందా, మీరు బండిని ఎంత కఠినమైన దారుల్లో తిప్పుతారు, ఇంకా ఎన్నేళ్లు ఉంచుకుంటారు, బండి ఎన్ని రోజులు ఆగితే మీ పని ఆగుతుంది. ఈ చివరిది రైతుకు చాలా పెద్ద విషయం, వారాంతంలో గండికోట వైపు వెళ్లే కుర్రవాడికి అంత కాదు.

| దారి | ఖర్చు | ఆగాల్సిన కాలం | మన్నిక | మెకానికల్ పంపుకు | కామన్ రైల్‌కు |
|---|---|---|---|---|---|
| మాటు, వెల్డింగ్ అతుకు | చాలా తక్కువ | ఒకటి రెండు రోజులు | తాత్కాలికం | చిన్న బయటి రంధ్రానికి సరే | వద్దు |
| లోపలి పూత | తక్కువ | దాదాపు వారం | పనితనాన్ని బట్టి | పరవాలేదు | వద్దు |
| గుజిరీ ట్యాంక్ | తక్కువ నుంచి మధ్యస్థం | దొరికేదాకా | చూసి కొన్నదాన్ని బట్టి | సరే | బాగా పరీక్షించాకే |
| కొత్త కంపెనీ ట్యాంక్ | మధ్యస్థం నుంచి ఎక్కువ | స్టాకును బట్టి | బాగుంటుంది | మంచిది | అన్నిటికన్నా మంచిది |
| మామూలు ఇనుముతో చేయించినది | మధ్యస్థం | కొన్ని రోజులు | మధ్యస్థం | సరే | వద్దు |
| స్టెయిన్‌లెస్‌తో చేయించినది | ఎక్కువ | వారం పైనే | చాలా బాగుంటుంది | మంచిది | మంచిది, పని బాగుంటే |
| అల్యూమినియం | ఎక్కువ | వారం పైనే | బిగింపును బట్టి | సరే | సరే |

మాటు, అతుకు

దారిలో కారితే గుడ్డ సబ్బును గట్టిగా రుద్ది చీలికలోకి ఎక్కిస్తే ఇంటికి చేరవచ్చు. డీజిల్‌కు సబ్బు కరగదు. ఎపాక్సీ ముద్ద పెడితే ఇంకొన్నాళ్లు ఆగుతుంది, అదీ రేకును తళతళలాడేలా గీకి, డీజిల్ జిడ్డు పూర్తిగా పోగొట్టాకే. ఇవి ఇల్లు చేర్చే పనులు, మరమ్మతు కింద లెక్క కాదు.

రాయి తగిలి గట్టి రేకుకు పడ్డ రంధ్రానికి మాటు వేయించడంలో తప్పు లేదు. తుప్పు తిన్న రంధ్రం సంగతి అలా కాదు. కనిపించే చిల్లు చుట్టూ రేకు కాగితంలా పలచబడి ఉంటుంది. వెల్డింగ్ వేడి తగలగానే పక్కన ఇంకోటి తెరుచుకుంటుంది. "అన్నా, ఒక్క టాకా వేస్తే చాలు" అని మొదలైన పని సాయంత్రానికి అరచేయంత అతుకు అవుతుంది.

వీటన్నిటికన్నా ముఖ్యం ప్రాణం సంగతి. డీజిల్ పెట్రోల్ లాంటిది కాదు, అంటుకోదు అన్న ధీమాతో ట్యాంకుకు నేరుగా మంట పెట్టే షాపులు ఇంకా ఉన్నాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం మన డీజిల్‌కు ఉండాల్సిన కనీస ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీలు. అంటే ఆ వేడి దాటితే నిప్పు తగిలినప్పుడు మండేంత ఆవిరి డీజిల్ పైన చేరవచ్చు. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 దాటుతుంది. ఎండలో పెట్టిన ఖాళీ ట్యాంక్ లోపల ఇంకా ఎక్కువ. ఖాళీ చేసినంత మాత్రాన భద్రం కాదు, మూలల్లో మిగిలిన డీజిల్ వెల్డింగ్ వేడికి ఆవిరై ట్యాంక్ బాంబులా పేలుతుంది. వేడి నీళ్లతో, డిటర్జెంట్‌తో పలుమార్లు కడిగి, వీలైతే ఆవిరి పట్టించి, అతుకు వేసే చోటు మాత్రం వదిలి మిగతాదంతా నీళ్లతో నింపి, పైన మిగిలిన ఖాళీలోకి ఆర్గాన్ వాయువు వదిలాకే మంట పెట్టాలి. ట్యాంక్ మూత, ఫ్లోట్ రంధ్రం తెరిచే ఉంచాలి. ఇదంతా చేయని షాపులో ఎంత తక్కువకు చేస్తామన్నా ట్యాంక్ దింపకండి. అక్కడ పనిచేసే కుర్రాడి ప్రాణం కూడా ప్రాణమే.

లోపలి పూత

ట్యాంక్ లోపల రసాయనం పోసి, అన్ని వైపులా తిప్పి, గట్టిపడే పొర ఏర్పరచే పద్ధతి ఇది. బైకు పెట్రోల్ ట్యాంకులకు బాగా అలవాటైనది. పద్ధతి ప్రకారం చేస్తే పనిచేస్తుంది. ముందు డిటర్జెంట్‌తో జిడ్డు తీయాలి. నట్లు బోల్టులో గొలుసు ముక్కో లోపల వేసి ఊపి వదులు తుప్పంతా రాల్చాలి. ఫాస్ఫారిక్ ఆమ్లంతో మిగిలింది పోగొట్టాలి. కడిగి వెంటనే పూర్తిగా ఆరబెట్టాలి. తడి ఇనుము నిమిషాల్లో మళ్లీ ఎర్రబడుతుంది కాబట్టి ఈ ఆరబెట్టడం దగ్గరే చాలా పనులు చెడిపోతాయి. మన ఎండలు ఇక్కడ మాత్రం కలిసొస్తాయి.

చిక్కు ఎక్కడంటే, జీపు ట్యాంకుల లోపల డీజిల్ కుదుపు ఆపడానికి అడ్డు రేకులుంటాయి. వాటి వెనుక గొలుసు తగలదు, ఆమ్లం సరిగా చేరదు. అక్కడ తుప్పు మీదే పూత పడుతుంది. ఒకటి రెండేళ్లకు ఆ పొర పెచ్చులుగా లేచి జాలీకి అడ్డుపడుతుంది. మెకానికల్ పంపు ఉన్న బండిలో అది బండి ఆగిపోవడంతో పోతుంది. కామన్ రైల్ బండికి నేను ఈ దారి అసలు చెప్పను. కంపెనీ ట్యాంక్ ఎక్కడా దొరకని బండిలో, చాలావరకు పదిలంగా ఉన్న పాత ట్యాంకుకే ఇది తగినది.

గుజిరీలో పాత ట్యాంక్

అనంతపురం వాళ్లకు బెంగళూరు శివాజీనగర్, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ నాలుగేసి గంటల దారి. విజయవాడ ఆటోనగర్ సంగతి చెప్పక్కర్లేదు. పాత జీపు సామాను ఎంతైనా దొరుకుతుంది. మూలబడ్డ బండి నుంచి తీసిన ట్యాంక్ మీ ట్యాంక్ కన్నా ఎన్నో రెట్లు మేలుగా ఉండవచ్చు, లేదా అంతే పాడై పైన కొత్త నల్లరంగు పూసుకుని ఉండవచ్చు. రంగు కొత్తగా మెరుస్తున్న పాత ట్యాంకును నేను ముందే పక్కన పెడతాను. మురికిగా, కంపెనీ రంగుతో ఉన్నదే నయం, దాని ఒంటి మీద ఉన్నది కంటికి కనిపిస్తుంది.

వరదలో మునిగిన బండి సామానుతో జాగ్రత్త. 2009 అక్టోబరులో కర్నూలు నగరం మునిగినప్పుడు, 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగి రాజంపేట వైపు ఊళ్లు మునిగినప్పుడు ఎన్నో బండ్లు నీళ్లూ బురదా తాగాయి. ఎక్కడి వరద బండి సామానైనా చివరికి గుజిరీకే చేరుతుంది. కెమెరా లోపలికి పంపి చూడండి. అడుగు అతుకు వెంట సన్నటి మట్టి గీత కనిపిస్తే వదిలేయండి. కొనే ముందు అన్ని రంధ్రాలూ మూసి, సైకిల్ పంపుతో చాలా కొద్దిగా గాలి పెట్టి, సబ్బు నురుగు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. కంప్రెసర్ గాలి నేరుగా పెట్టకూడదు. ఈ ట్యాంకులు ఒత్తిడికి చేసినవి కావు, ఉబ్బి అతుకులు విడిపోతాయి. బిల్లు అడిగి తీసుకోండి.

కొత్త కంపెనీ ట్యాంక్

మొదటి తరం థార్, బొలెరో, స్కార్పియో ఉన్నవాళ్లు ముందు ఈ తలుపే తట్టాలి. ఛాసిస్ నంబరు చెప్పి పార్ట్ నంబరు కనుక్కుని స్టాకు అడగండి. పట్టీల కొలత, ఫ్లోట్ లోతు, ఇంజన్ వాడగా మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపు, బ్రీథర్ అన్నీ సరిగ్గా కుదురుతాయి. లోపల కంపెనీ చేసిన రక్షణ పూత ఉంటుంది. గేజీ అబద్ధం చెప్పదు. బండి అమ్మేటప్పుడు, ఫిట్‌నెస్‌కు వెళ్లేటప్పుడు ఎవరూ వేలెత్తి చూపరు.

దీని లోటు ఒక్కటే. ఇదీ ఇనుమే. పాతది ఎందుకు తుప్పు పట్టిందో ఆ కారణం అలాగే ఉంటే ఇదీ అదే దారి పడుతుంది. బిగించే ముందే బయట ఎపాక్సీ ప్రైమర్, దాని మీద గట్టి రంగు వేయించండి. ఉత్త రెడ్ ఆక్సైడ్ వేసి వదిలేయడం చాలదు.

అదే ఆకారంలో వేరే తయారీదారుల నకలు ట్యాంకులు కూడా మార్కెట్లో ఉంటాయి. కొన్ని బాగుంటాయి. కంపెనీ ట్యాంక్ రేకుతో పోల్చి మందం, అతుకు పని, లోపల అడ్డు రేకులు ఉన్నాయా లేదా చూసి కొనాలి. అడ్డు రేకులు లేని ట్యాంక్ చవకగా వచ్చినా వద్దు. 60 లీటర్ల డీజిల్ బరువు దాదాపు 50 కిలోలు. గుంటల దారిలో అది లోపల ఒక్కసారిగా అటూ ఇటూ కొడితే అతుకులు విడిపోతాయి, ఏటవాలులో సక్షన్ పైపుకు డీజిల్ అందదు.

చేయించుకునే ట్యాంక్

పాత కమాండర్, మేజర్, ఎంఎం540 ఉన్నవాళ్లకు చివరికి చాలాసార్లు మిగిలేది ఇదే. ఇక్కడ ఏ లోహం అన్న ప్రశ్న వస్తుంది.

ముందు వద్దన్నది చెప్తాను. జీఐ రేకు, అంటే జింకు పూత రేకు, డీజిల్‌కు పనికిరాదు. తుప్పు పట్టదు కదా అని చాలామంది అదే అడుగుతారు. డీజిల్‌లోని ఆమ్లాలతో జింకు కలిసి సబ్బులాంటి పదార్థం తయారవుతుంది, అది ఫిల్టర్‌నూ నాజిల్‌నూ మూసేస్తుంది. రాగి, ఇత్తడి కూడా డీజిల్‌ను తొందరగా పాడు చేస్తాయి, పెద్ద భాగాలకు వాడకూడదు. మామూలు ఇనుప రేకుతో చేయిస్తే చవక, ఎవరైనా వెల్డింగ్ చేస్తారు, కానీ లోపలి గోడకు ఏ రక్షణా ఉండదు. రోజూ తిరిగే, ఎప్పుడూ డీజిల్ నిండుగా ఉండే మెకానికల్ పంపు బండికి అది సరిపోతుంది. నెలల తరబడి షెడ్డులో నిలిచే బండికి సరిపోదు.

స్టెయిన్‌లెస్ విషయంలో గ్రేడ్ చూసుకోవాలి. 304 కావాలి. మార్కెట్లో 202 గ్రేడ్ చవకగా దొరుకుతుంది, గేట్లకూ రెయిలింగులకూ ఎక్కువగా వాడేది అదే. అయస్కాంతం పెట్టి చూస్తే రెండూ అంటుకోవు, కాబట్టి ఆ పరీక్షతో తేడా తెలియదు. చుక్క వేస్తే రంగు మారే రసాయన పరీక్ష ఒకటుంది, పెద్ద స్టీలు అంగళ్లలో అడిగితే చేసి చూపిస్తారు. రేకు కొన్న బిల్లులో గ్రేడ్ రాయించుకోండి. వెల్డింగ్ ఆర్గాన్‌తోనే చేయాలి. లోపలి వైపు కూడా ఆర్గాన్ పెట్టి అతికితే అతుకు లోపల నల్లగా మాడకుండా ఉంటుంది. ఆ మాడిన చోటు శుభ్రం చేయకపోతే స్టెయిన్‌లెస్ కూడా అక్కడి నుంచే తుప్పు మొదలుపెడుతుంది.

బరువు లెక్క చేసుకుంటే తేడా తెలుస్తుంది. 80 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 25 ఎత్తు ఉన్న పెట్టె 60 లీటర్లు పడుతుంది. అది 1.5 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రేకుతో చేస్తే సుమారు 12 కిలోలు, 2 మిల్లీమీటర్లతో 16 కిలోల పైన. అల్యూమినియం 3 మిల్లీమీటర్ల మందంతో చేసినా 8 కిలోలే. అడ్డు రేకుల బరువు వీటికి అదనం. రాళ్ల దారులకు నేను 2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్‌కే మొగ్గుతాను. నాలుగు కిలోల కోసం పలచటి అడుగు పెట్టుకోవడం బేతంచెర్ల గనుల దారుల్లో తిరిగే బండికి మంచిది కాదు.

అల్యూమినియం మంచి లోహమే, 5052 రకం డీజిల్‌కు బాగా ఆగుతుంది. కానీ దాన్ని చక్కగా అతికే చేయి అంతటా దొరకదు. ఇనుప పట్టీ నేరుగా తగిలి, మధ్యలో ఉప్పు మట్టి చేరితే ఆ గీత వెంటే తినేస్తుంది. ఛాసిస్ మెలితిరిగేటప్పుడు బిగుతుగా బోల్టు చేసిన అల్యూమినియం ట్యాంక్ అతుకుల దగ్గర చీలుతుంది. రబ్బరు బుష్‌ల మీద బిగించగల మనిషి దొరికితేనే అటు వెళ్లండి. ప్లాస్టిక్ ట్యాంక్ తుప్పు పట్టదు, నేటి బండ్లలో చాలావాటికి కంపెనీ నుంచే వస్తుంది. కానీ మన కొలతకు ఇక్కడ ఎవరూ పోసివ్వరు. నీళ్ల డ్రమ్ములను ట్యాంకులుగా మార్చే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

ఏ లోహమైనా, పాత ట్యాంకును నమూనాగా షాపుకు పట్టుకెళ్లండి. ఫ్లోట్ ప్లేటు బోల్టుల కొలత, లోతు పాతదానికి సరిపోవాలి, లేకపోతే గేజీ తప్పు చూపిస్తుంది. అడుగున ఒక మూల కొద్దిగా లోతు చేయించి అక్కడ డ్రెయిన్ నట్ పెట్టించండి, నీళ్లు వచ్చి చేరేది అక్కడికే. సక్షన్ పైపు అడుగుకు ఆనకుండా వేలు మందం పైన ఆగాలి. రిటర్న్ పైపును సక్షన్‌కు దూరంగా దించాలి, వేడి డీజిల్, నురుగు మళ్లీ నేరుగా పంపుకు పోకుండా. నింపే గొట్టం కాస్త కిందికి దిగి ఉండాలి, పైన ఖాళీ మిగలడానికి. బంకు భూగర్భ ట్యాంక్ నుంచి వచ్చిన డీజిల్ మన ఎండలో 20 డిగ్రీలు వేడెక్కితే 60 లీటర్లు దాదాపు ఒక లీటరు పెరుగుతాయి. బ్రీథర్ పైపును వీలైనంత పైకి తీసి, బండి పల్టీ కొడితే మూసుకునే వాల్వు పెట్టించండి.

పనిలో పనిగా పెద్ద ట్యాంక్ చేయించుకుందామన్న ఆశ పుడుతుంది. నల్లమల దారుల్లో బంకులు దూరం, ఆశలో తప్పు లేదు. కానీ మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. పాత కొలతలోనే, పాత చోటే ట్యాంక్ మార్చుకోవడం మరమ్మతు. అదనపు ట్యాంక్ పెట్టడం, చోటు మార్చడం మార్పు కిందికి వస్తుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది మీకే.

మీది ఏ రకం అయితే ఏది

కామన్ రైల్ థార్, బొలెరో ఉండి, ఇంకా ఐదేళ్లు పైన నడపాలనుకునేవారు కొత్త కంపెనీ ట్యాంకే తీసుకోండి. నెల ఆగాల్సి వచ్చినా ఆగండి. ఆ నెలలో మాటు వేసిన ట్యాంకుతో నడిపి పంపు పాడు చేసుకోవడం కన్నా బండి నిలబెట్టడం నయం. దొరకదని తేలితే 304 స్టెయిన్‌లెస్, మంచి ఆర్గాన్ పనివాడి దగ్గర.

పొలం పనికి పాత డీఐ జీపు నడిపే రైతుకు బండి ఆగితే పని ఆగుతుంది. బయటి తుప్పు ఒక్కచోటే ఉంటే జాగ్రత్తలన్నీ పాటించే షాపులో అతుకు వేయించి కోతల కాలం దాటించండి, ఆలోపు మంచి గుజిరీ ట్యాంక్ వెతకండి. లోపల తుప్పు ఉంటే ఈ ఆలస్యం వద్దు.

పాత జీపును ఇష్టంగా బాగు చేసుకుంటున్నవారికి, నెలకో రెండు నెలలకో ఒకసారి బయటికి తీసేవారికి స్టెయిన్‌లెస్ తర్వాతే ఏదైనా. ఎక్కువ రోజులు నిలిచే బండికి లోపలి తుప్పే అసలు శత్రువు. ఏడాదిలో అమ్మేసే ఆలోచన ఉన్నవారు పరీక్షించిన గుజిరీ ట్యాంకుతో సరిపెట్టుకోవచ్చు, కొనేవారికి ఆ సంగతి చెప్పి అమ్మండి.

బిగించేటప్పుడు

కొత్త ట్యాంకుకు పాత రబ్బరు పైపులు తగిలించకండి. వాటి లోపల పాత తుప్పూ జిగటా అంటుకుని ఉంటాయి. రబ్బరు పైపులు, క్లిప్పులు మార్చి, ఇనుప లైన్లను ఇంజన్ వైపు విప్పి శుభ్రమైన డీజిల్‌తో కడిగించండి. పట్టీల కింద కొత్త మందపాటి రబ్బరు వేయాలి. గుడ్డ, గోనె లాంటివి పెడితే తేమ పట్టి ఉంచుతాయి. స్కిడ్ ప్లేటుకు అడుగున రంధ్రాలు చాలినన్ని ఉన్నాయా చూడండి, లేకపోతే వేయించండి. మట్టి కడిగితే పోయే దారి ఉండాలి. రబ్బరు మీద కూర్చున్న, రంగు వేసిన ట్యాంకుకు ఎర్త్ అందక గేజీ పనిచేయదు. చాలామంది ఫ్లోట్ పాడైందనుకుని అది కూడా మార్చేస్తారు. ఫ్లోట్ ప్లేటు నుంచి ఛాసిస్‌కు ఒక ఎర్త్ వైరు వేస్తే చాలు.

మొదట పది లీటర్లు మాత్రమే పోసి, లైన్లలో చిక్కుకున్న ఎయిర్ తీసి, స్టార్ట్ చేసి అన్ని అతుకుల దగ్గరా టార్చి వేసి చూశాకే నిండా పోయండి. ఫిల్టర్ ఆ రోజే కొత్తది వేయండి, 500 కిలోమీటర్లకు మళ్లీ మార్చండి. తీసిన ఫిల్టర్‌ను కోసి చూడండి. శుభ్రంగా ఉంటే ఇక కంపెనీ చెప్పిన గడువుకు మారిస్తే సరిపోతుంది. ఇంకా గోధుమ పొడి కనిపిస్తే లైన్లలో ఎక్కడో పాత తుప్పు మిగిలింది, మళ్లీ కడిగించి ఇంకో ఫిల్టర్ వేయాలి. ఆ పొడి పూర్తిగా ఆగేదాకా క్యాన్ డీజిల్ పోయకండి, లేకపోతే మురికి ఎక్కడి నుంచి వస్తోందో తేలదు.